కొట్టంలో దీపం

కావేరీ నది మీద శివనసముద్రం వద్ద తయారైన విద్యుచ్ఛక్తి 1902లో తీగల వెంట సుమారు 147 కిలోమీటర్లు ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. ఆ గనుల్లో పనిచేసినవారిలోను, చుట్టుపక్కల పల్లెల్లోను తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉండేవారు. 1905లో అదే శివనసముద్రం కరెంటుతో బెంగుళూరు వీధుల్లో దీపాలు వెలిగాయి. అడవులు, కొండలు, పొలాలు దాటి అంతదూరం కరెంటును తీసుకురావడానికి ఇంజనీర్లు ఎంతో శ్రద్ధ వహించారు. స్తంభాలు ఎంత ఎత్తుండాలి, తీగ ఎంత లావుండాలి, ప్రమాదం జరిగితే సరఫరా ఎక్కడ ఆగిపోవాలి అన్న విషయాలన్నీ ముందుగానే లెక్క కట్టుకున్నారు.

అలా ఊరూరికీ చేరిన కరెంటు ఈనాడు ఇంటింటికీ వచ్చింది. ఇంటి గోడ మీద మీటరు తిరుగుతున్నది. అక్కడినుంచి పెరటి చివర ఉన్న పశువుల కొట్టానికి నలభై మీటర్ల దూరం కూడా ఉండదు. ఇంత చిన్న దూరమే కదా అని చాలామంది దీనిని తేలికగా తీసుకుంటారు. ఒక తీగచుట్ట కొని తెచ్చి, వంటింటి ప్లగ్గులో ఒక కొస గుచ్చి, వేపచెట్టు కొమ్మ మీదుగా రెండో కొసను కొట్టంలోకి లాగుతారు. దీపం వెలుగుతుంది. పని అయిపోయిందని అందరూ సంతోషిస్తారు. కాని నిజానికి పనిలో సగం కూడా కాలేదు. కొట్టానికి వెలుగు మాత్రమే వెళ్లింది. ఆ వెలుగుకు కాపలా వెళ్లలేదు. ఆ కాపలా ఏమిటో, అది ఎందుకు అవసరమో తెలుసుకోవడం పెద్దలకే కాదు, పిల్లలకు కూడా మేలు చేస్తుంది.

ఇంటి వెనుక ఉండే ఈ చిన్న కట్టడానికి ఒక్కొక్క చోట ఒక్కొక్క పేరు ఉన్నది. కొందరు కొట్టం అంటారు. కొందరు పాక అంటారు. మరికొందరు సాల అంటారు. షోలాపూరులో స్థిరపడిన తెలుగు నేతపనివారి వాడల్లో అది మగ్గాల షెడ్డు. పేరు ఏదైనా అక్కడి పరిస్థితులు ఇంటిలో ఉండే పరిస్థితులకంటె వేరు. ఇంటి నేల పొడిగా ఉంటుంది. కొట్టం నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఇంటిలో మనుషులు చెప్పులతోనో, చాప మీదనో ఉంటారు. కొట్టంలో వట్టి కాళ్లతో తిరుగుతారు. కొట్టంలో ఇనుప స్తంభాలు, రేకుల కప్పు, గొలుసులు, నీటి తొట్టి ఉంటాయి. వీటన్నిటి గుండా కరెంటు సులభంగా ప్రవహిస్తుంది. అందుచేత కొట్టానికి ఇంటికంటె ఎక్కువ రక్షణ కావాలి. ఆచారంలో మాత్రం తక్కువ రక్షణే దొరుకుతున్నది.

ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. వీధివైపు ఇల్లు, వెనుక పెరడు, పెరటి చివర కొట్టం. ఇంటి మెయిన్ బోర్డు నుంచి కొట్టం వరకు దూరం 40 మీటర్లు. కొట్టంలో రెండు గేదెలు, ఒక ఆవు, ఒక దూడ ఉన్నాయి. తెల్లవారుజామున పాలు పితకడానికి మూడు దీపాలు కావాలి. మేత ముక్కలు చేయడానికి ఒక హార్స్‌పవర్ మోటారుతో నడిచే గడ్డికోత యంత్రం కావాలి. వైరింగు చేయడానికి లైసెన్సు ఉన్న పనివాడు వచ్చి, మూడు తీగలున్న లావుపాటి కేబులు కావాలని చెప్పాడు. ఇంటి పెద్దావిడకు ఆ ఖర్చు అనవసరమనిపించింది.

“రెండు తీగలు లాగితే దీపం వెలగదా నాయనా?” అని ఆమె అడిగింది.

“వెలుగుతుంది పెద్దమ్మా. మోటారు కూడా తిరుగుతుంది. మూడో తీగ దీపం కోసం కాదు. పొద్దున్నే తడి చేతులతో ఆ యంత్రం ముట్టుకునే మీ కోసం” అని అతడు చెప్పాడు.

ఆ మాటలోని అర్థం తెలియాలంటే ఈ మూడు తీగల సంగతి వివరంగా తెలుసుకోవాలి.

మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు పీడనం 230 వోల్టులు. ఇంటికి వచ్చే రెండు ముఖ్యమైన తీగలలో ఒకటి ఫేజు, రెండవది న్యూట్రల్. ఫేజు తీగ ద్వారా వచ్చిన కరెంటు దీపంలోనో మోటారులోనో పనిచేసి న్యూట్రల్ తీగ ద్వారా తిరిగి పోతుంది. పోవడానికి, రావడానికి దారి ఉంటేనే కరెంటు ప్రవహిస్తుంది. స్విచ్చి ఆ దారిని తెంచుతుంది, కలుపుతుంది. ఇంతవరకు రెండు తీగలు చాలు.

మూడవది ఎర్తు తీగ. అన్నీ సక్రమంగా ఉన్నంతకాలం ఈ తీగలో కరెంటు ఉండదు. మోటారు లోపల తీగల మీది పూత కాలిపోయినా, ఎలుక కొరికినా, ఫేజు తీగ మోటారు ఇనుప ఒడలికి తగలవచ్చు. అప్పుడు యంత్రం మొత్తానికి కరెంటు వస్తుంది. పైకి ఏ తేడా కనిపించదు. యంత్రం మామూలుగానే తిరుగుతూ ఉండవచ్చు. దానిని ముట్టుకున్న మనిషి శరీరం ద్వారా కరెంటు తడినేలలోకి పోతుంది. ఆ ఇనుప ఒడలికి ఎర్తు తీగ ముందే కలిపి ఉన్నట్లయితే, దారి తప్పిన కరెంటులో ఎక్కువ భాగం మనిషిని వదిలి ఆ తీగ వెంట పోతుంది. మన వాడుకలో ఎర్తు తీగకు పచ్చరంగు గాని, పసుపు చారలున్న పచ్చరంగు గాని ఉంటుంది. ఆ రంగు తీగను మరే పనికీ వాడరాదు. మూడు కాళ్ల ప్లగ్గులో పైన లావుగా, పొడవుగా ఉండే కాలు ఈ ఎర్తు కోసమే. అది సాకెట్టులోకి మిగిలిన రెండింటికంటె ముందు చేరుతుంది. తీసేటప్పుడు అన్నింటికంటె చివర బయటికి వస్తుంది. రక్షణ ముందు రావాలి, చివర పోవాలి అన్నది దానిలోని ఏర్పాటు.

ఎర్తు తీగ రెండవ కొస ఇంటి వద్ద భూమిలో పాతిన ఎర్తు పైపుకు కలుస్తుంది. ఇందుకు 38 మిల్లీమీటర్ల వ్యాసానికి తగ్గని, 2.5 మీటర్ల పొడవున్న జి.ఐ. పైపును నిలువుగా పాతుతారు. గోడ పునాదికి కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో గుంట తీస్తారు. పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయడం పాతకాలం నుంచి వస్తున్న పద్ధతి. మట్టి తేమగా ఉంటే కరెంటు సులభంగా భూమిలోకి పోతుంది. అందువల్లనే ఎండాకాలంలో ఎర్తు గుంటలో నీళ్లు పోస్తారు.

కొట్టం దగ్గర ఒక ఇనుప కడ్డీ పాతి దానికే యంత్రాన్ని కలిపితే చాలదా అనే సందేహం చాలామందికి కలుగుతుంది. ఇక్కడ ఒక లెక్క చూడాలి. భూమి రాగితీగ వంటిది కాదు. కరెంటును అది కొంత అడ్డుకుంటుంది. దారి తప్పిన కరెంటు కడ్డీ ద్వారా నేలలోకి దిగి, నేల గుండా ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఉన్న ఎర్తును చేరుకోవాలి. ఆ దారిలో మొత్తం అడ్డు 20 ఓములు ఉన్నదనుకుంటే, 230ని 20తో భాగించాలి. వచ్చే కరెంటు 11.5 ఆంపియర్లు. బోర్డులో ఉన్నది 16 ఆంపియర్ల ఫ్యూజు. 11.5 ఆంపియర్లకు అది కాలిపోదు. అంటే యంత్రానికి కరెంటు వచ్చినా ఫ్యూజు పోదు, సరఫరా ఆగదు. ఇంటి వద్ద ఎర్తు పైపు ఉన్నా లెక్క దాదాపు ఇదే. ఎర్తు తీగ ప్రమాదాన్ని తగ్గించగలదు గాని, చాలా ఇళ్లలో అది ఒక్కటే సరఫరాను ఆపలేదు. ఆపడానికి మరొక సాధనం కావాలి.

ఫ్యూజు, దాని స్థానంలో ఇప్పుడు వాడే ఎం.సి.బి., రెండూ తీగను కాపాడే సాధనాలు. తీగ మోయగలిగిన దానికంటె ఎక్కువ కరెంటు పారితే అవి దారిని తెంచుతాయి. తీగ వేడెక్కి నిప్పు అంటుకోకుండా కాపాడతాయి. మనిషిని కాపాడడం వాటివల్ల కాదు. ఎందుకంటే మనిషికి హాని చేసే కరెంటు చాలా స్వల్పం. ఆంపియరులో వెయ్యవ భాగాన్ని మిల్లీ ఆంపియరు అంటారు. పది, పదిహేను మిల్లీ ఆంపియర్ల కరెంటు శరీరంలో పారితే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న వస్తువును వదలలేని స్థితి ఏర్పడుతుంది. అంతకు మించిన కరెంటు కొద్దిసేపు పారితే ఊపిరికి, గుండెకు ప్రమాదం. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే కరెంటు ఆ ఫ్యూజు కంటికి కనిపించదన్నమాట.

ఈ లోటు తీర్చడానికి వచ్చిన సాధనం ఆర్.సి.సి.బి. దీని పని పశువుల కాపరి పని వంటిది. ఉదయం దొడ్డి నుంచి ఎన్ని పశువులు మేతకు వెళ్లాయో, సాయంత్రం ఎన్ని తిరిగి వచ్చాయో కాపరి లెక్క చూసుకుంటాడు. ఇరవై వెళ్లి పందొమ్మిదే వస్తే ఒకటి దారి తప్పిందని గ్రహిస్తాడు. ఆర్.సి.సి.బి. కూడా ఫేజు తీగలో వెళ్లిన కరెంటును, న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిన కరెంటును అనుక్షణం సరిపోల్చుతూ ఉంటుంది. రెండూ సమానంగా ఉంటే ఊరుకుంటుంది. తేడా వచ్చిందంటే కొంత కరెంటు ఎర్తు గుండానో, మనిషి గుండానో దారి తప్పి పోతున్నదన్నమాట. ఇళ్లలో వాడే ఆర్.సి.సి.బి. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోగా, రెప్పపాటు కాలంలో సరఫరాను ఆపివేస్తుంది. పై లెక్కలో దారి తప్పిన కరెంటు 11.5 ఆంపియర్లు, అంటే 11,500 మిల్లీ ఆంపియర్లు. ఫ్యూజు గుర్తించలేని దానిని ఆర్.సి.సి.బి. వెంటనే పట్టుకుంటుంది. ఎర్తు తీగ ఉంటే యంత్రం చెడిన క్షణంలోనే, ఎవరూ ముట్టుకోకముందే సరఫరా ఆగిపోతుంది. అందుచేత ఈ రెండూ జంటగా ఉండాలి. ఒకటి ఉంటే రెండవది అక్కరలేదనుకోవడం పొరపాటు.

ఆర్.సి.సి.బి.కి కూడా ఒక పరిమితి ఉన్నది. ఒక మనిషి ఒక చేత ఫేజును, మరొక చేత న్యూట్రల్‌ను ఒకేసారి పట్టుకుంటే, వెళ్లిన కరెంటు వెళ్లినట్లే తిరిగి వస్తుంది. లెక్కలో తేడా రాదు కనుక అది ఊరుకుంటుంది. కాబట్టి ఈ సాధనం ఉన్నదన్న ధైర్యంతో తీగలతో ఆటలాడరాదు.

ఇక తీగ లావు విషయం. కాలువ మొదట ఉన్న మడికి నీళ్లు నిండుగా పారతాయి. చివరి మడికి చేరేసరికి జోరు తగ్గుతుంది. కాలువ సన్నగా ఉంటే మరీ తగ్గుతుంది. తీగలో వోల్టేజి కూడా అంతే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ ఒక కిలోమీటరుకు సుమారు 12.1 ఓముల అడ్డు చూపుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ సుమారు 4.6 ఓములు మాత్రమే చూపుతుంది. కొట్టం 40 మీటర్ల దూరంలో ఉన్నా, కరెంటు పోయి రావాలి కనుక దాని ప్రయాణం 80 మీటర్లు. ఆ లెక్కన సన్నతీగ అడ్డు 0.97 ఓము. లావుతీగ అడ్డు 0.37 ఓము.

దీపాలకు ఈ తేడా అంతగా తెలియదు. మోటారుకు తెలుస్తుంది. ఒక హార్స్‌పవర్ మోటారు తిరుగుతున్నప్పుడు దాదాపు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో మాత్రం అందుకు ఐదు రెట్లు, అంటే 35 ఆంపియర్ల వరకు లాగుతుంది. ఆ క్షణంలో సన్నతీగ మీద 34 వోల్టులు తగ్గిపోతాయి. లావుతీగ మీద 13 వోల్టులు మాత్రమే తగ్గుతాయి. సాయంత్రం వేళ ఇంటికి వచ్చే వోల్టేజి 200కు పడిపోయిందనుకుంటే, సన్నతీగ చివర మోటారుకు అందేది 166 వోల్టులే. మోటారు బలం వోల్టేజి తగ్గినకొద్దీ దాని వర్గానికి అనుగుణంగా తగ్గుతుంది. 166 వోల్టుల వద్ద దాని బలం దాదాపు సగమే. అప్పుడు మోటారు తిరగకుండా మూలుగుతుంది, వేడెక్కుతుంది, చివరకు కాలిపోతుంది. తీగ కొనుగోలులో మిగుల్చుకున్న డబ్బు మోటారు మరమ్మతులో పోతుంది. పనివాడు లావు కేబులు కావాలనడానికి ఇదే కారణం. శివనసముద్రం ఇంజనీర్లకూ ఈ చిక్కే ఎదురైంది. వోల్టేజిని బాగా పెంచి, కరెంటును తగ్గించి పంపి వారు దారిలో నష్టాన్ని అదుపులో పెట్టారు. పెరట్లో వోల్టేజిని పెంచే వీలు లేదు కనుక తీగను లావు చేయడమే మార్గం.

కేబులును కొట్టం వరకు తీసుకుపోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి పైనుంచి, రెండవది నేల లోపలినుంచి. పైనుంచి లాగేటప్పుడు రెండు వైపులా గట్టి స్తంభాలు నిలిపి, వాటి మధ్య ఉక్కుతీగను బిగించి, దానికి కేబులును వేలాడదీయాలి. గడ్డిబండి, ట్రాక్టరు కిందినుంచి పోయినా తగలనంత ఎత్తు ఉండాలి. చెట్టుకు కట్టరాదు. గాలికి చెట్టు ఊగినప్పుడు కొమ్మ రాపిడికి కేబులు పైపూత అరిగిపోతుంది. బట్టలారేసే ఇనుపతీగకు దగ్గరగా అసలే కట్టరాదు. పూత అరిగిన కరెంటు తీగ ఆ ఇనుపతీగకు తగిలి, తడిబట్టలు ఆరవేయబోయిన వారి ప్రాణాలు పోయిన సంఘటనలు వానాకాలంలో తరచు వింటుంటాము.

నేలలోపల వేసే పద్ధతి మరింత భద్రమైనది. దీనికి ఉక్కుతొడుగు ఉన్న కేబులు వాడతారు. 75 సెంటీమీటర్ల లోతున కందకం తవ్వుతారు. అడుగున మెత్తని ఇసుక పరచి, కేబులు పెట్టి, మళ్లీ ఇసుక కప్పుతారు. దాని మీద వరుసగా ఇటుకలు పేర్చి మట్టి పూడుస్తారు. ఎప్పుడో ఒకనాడు పెరట్లో అరటిమొక్క నాటబోయిన మనిషి గడ్డపారకు ముందుగా ఇటుక తగులుతుంది. కింద ఏదో ఉన్నదని అతడు ఆగుతాడు. ఆ ఇటుకను కూడా దాటి గడ్డపార కేబులులోకి దిగితే, అది ముందుగా ఎర్తుకు కలిపిన ఉక్కుతొడుగును, తర్వాత ఫేజును తాకుతుంది. వెంటనే ఇంటి దగ్గరి ఆర్.సి.సి.బి. సరఫరాను ఆపుతుంది. అందుకే కొట్టం కోసం పెట్టే ఆర్.సి.సి.బి.ని ఇంటి చివరనే, కేబులు మొదలయ్యే చోట పెట్టడం మంచిది. కొట్టానికి ప్రత్యేకంగా ఒకటి ఉంటే, కొట్టంలో తేడా వచ్చినప్పుడు ఇంటిలో దీపాలు ఆరిపోకుండా ఉంటాయి. కేబులు ఏ దారిన పోయిందో ఒక కాగితం మీద గీసి మెయిన్ బోర్డు తలుపు లోపల అంటించాలి. తవ్విన పెద్దలు మరచిపోయినా, తర్వాతి తరం వారికి ఆ కాగితం దారి చూపుతుంది.

కొట్టంలో ఒక చిన్న బోర్డు ఉండాలి. అందులో మొత్తం సరఫరాను ఆపే ఒక మెయిన్ స్విచ్చి, దీపాలకు ఒక ఎం.సి.బి., మోటారుకు ఒక ఎం.సి.బి. ఉంటాయి. ప్రమాదం జరిగినప్పుడు ఇంటివరకు పరుగెత్తే పని లేకుండా అక్కడే ఆపడానికి ఆ మెయిన్ స్విచ్చి ఉపయోగపడుతుంది. బోర్డును తలుపు దగ్గర, పశువుల కొమ్ములకు, నాలుకకు అందని ఎత్తున, వాన జల్లు పడని చోట పెట్టాలి. తీగలు పైపుల్లోనుంచి పోవాలి. లేకపోతే ఎలుకలు కొరుకుతాయి. గడ్డివాముకు ఆనించి స్విచ్చిలు పెట్టరాదు. మగ్గాల షెడ్డులో నూలుపొట్టు మోటారు మీద, బోర్డు మీద పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, అది భగ్గుమంటుంది. కాబట్టి అక్కడ బోర్డుకు మూత ఉండాలి. పొట్టును తరచుగా తుడిచివేయాలి. తుడిచే ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి.

పశువుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. మనిషి రెండు కాళ్ల మధ్య దూరం తక్కువ. ఆవు ముందుకాళ్లకు, వెనుకకాళ్లకు మధ్య దూరం ఎక్కువ. నేలలోకి కరెంటు దిగినప్పుడు ఒక్కొక్క చోట ఒక్కొక్క వోల్టేజి ఉంటుంది. ఆ తేడా ఆవు ముందుకాళ్లకు, వెనుకకాళ్లకు మధ్య ఎక్కువగా పడుతుంది. ఆ కరెంటు గుండె మీదుగా పోతుంది. మనిషికి చురుక్కుమని మాత్రమే అనిపించే చోట పశువు ప్రాణం పోవచ్చు. కరెంటు మరీ స్వల్పంగా ఉంటే ఆవు నీటితొట్టి దగ్గరకు రావడానికి జంకుతుంది. పాలు పితికేటప్పుడు తన్నుతుంది. ఇంటివారు దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీసి పోస్తారు. దిష్టి తీస్తే తీయవచ్చుగాని, ఆ రోజే పనివాణ్ణి పిలిచి తొట్టికి, స్తంభాలకు కరెంటు వస్తున్నదేమో చూపించాలి. మాట రాని జీవి తన బాధను అలాగే చెప్పుకుంటుంది. ఇటువంటి తేడాలు రాకుండా కొట్టంలోని ఇనుప స్తంభాలను, నీటి పైపును, యంత్రాల ఒడళ్లను అన్నింటినీ ఒకే ఎర్తు తీగకు కలుపుతారు. కొట్టం వద్ద వేరే కడ్డీ పాతితే దానినీ ఇంటి ఎర్తుతోనే కలపాలి. అప్పుడు అన్ని లోహాల మీద ఒకే వోల్టేజి ఉంటుంది. తేడా లేనిచోట కరెంటు పారదు.

పని పూర్తయిన తర్వాత పరీక్షలు చేయాలి. సరఫరా ఇవ్వకముందే మెగ్గరు అనే పరికరంతో 500 వోల్టుల వద్ద తీగల పూత నాణ్యతను చూస్తారు. ఫేజుకు ఎర్తుకు మధ్య, న్యూట్రల్‌కు ఎర్తుకు మధ్య ఉన్న అడ్డు కనీసం ఒక మెగ్ ఓము, అంటే పది లక్షల ఓములు ఉండాలి. అంతకంటె తక్కువ వస్తే ఎక్కడో పూత చెడిందన్నమాట. ఎర్తు తీగ మొదటినుంచి చివరివరకు తెగకుండా ఉన్నదో లేదో చూస్తారు. ఆర్.సి.సి.బి. మీద ‘టి’ అనే అక్షరమున్న చిన్న మీట ఉంటుంది. దానిని నొక్కగానే సరఫరా ఆగిపోవాలి. ఆగకపోతే అది కాపలా మానేసిందని అర్థం; వెంటనే మార్చాలి. ఈ మీటను నెలకొకసారి నొక్కి చూడడం మంచి అలవాటు. పెద్దల సమక్షంలో పిల్లలు కూడా ఈ పని చేయవచ్చు.

ఈ పనులన్నీ ప్రభుత్వ లైసెన్సు పొందిన వారిచేతనే చేయించాలని నియమాలున్నాయి. మరొక నియమం కూడా గుర్తుంచుకోవాలి. ఇంటి అవసరాల కోసం తీసుకున్న కనెక్షన్ నుంచి మరమగ్గాల వంటి వ్యాపార అవసరాలకు కరెంటు వాడితే, 2003 నాటి విద్యుత్ చట్టంలోని 126వ సెక్షను ప్రకారం దానిని అనధికార వినియోగంగా లెక్కిస్తారు. షెడ్డులో మగ్గం పెట్టదలచుకున్నవారు ముందుగా విద్యుత్ కార్యాలయానికి వెళ్లి తగిన కనెక్షన్ కోరాలి. అదనపు బరువును ఇంటి మీటరు, సర్వీసు తీగ మోయగలవో లేవో కూడా అక్కడివారు చెబుతారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎవరికైనా షాక్ కొడితే ఏం చేయాలి? మొదట మెయిన్ స్విచ్చి ఆపాలి. ఆపకముందు ఆ మనిషిని ముట్టుకోరాదు. ముట్టుకున్నవారికీ షాక్ తగులుతుంది. స్విచ్చి అందుబాటులో లేకపోతే, పొడిగా ఉన్న చోట నిలబడి, పొడి కర్రతో తీగను పక్కకు తోయాలి. పచ్చి కొమ్మ గాని, ఇనుప కడ్డీ గాని వాడరాదు. విద్యుత్ సంస్థ వారి లైను తెగిపడినట్లయితే కర్రతోనైనా దగ్గరికి పోరాదు. దూరంగా ఉండి, కార్యాలయానికి కబురు చేయాలి. తర్వాత 108కి గాని, 112కు గాని ఫోను చేయాలి. ఊపిరి ఆడకపోతే, తెలిసినవారు ఉంటే, ఆసుపత్రి వాహనం వచ్చేవరకు ఛాతీ మీద నొక్కుతూ గుండెకు ఊతమివ్వాలి. కన్నీళ్లు పెట్టుకుంటూ చుట్టూ చేరడంకంటె ఈ నాలుగు పనులు వరుస తప్పకుండా చేయడం ముఖ్యం.

ఉదాహరణగా తీసుకున్న ఆ ఇంటిలో పెద్దావిడ చివరకు మూడు తీగల కేబులుకే ఒప్పుకున్నది. నేలలో కందకం తవ్వి కేబులు వేశారు. ఇంటి దగ్గర ఆర్.సి.సి.బి. పెట్టారు. కొట్టంలో మూడు దీపాలు వెలిగాయి. ఆ వెలుగు రెండు తీగలతో లాగిన పొరుగింటి వెలుగుకంటె ఎక్కువేమీ కాదు. చూడడానికి రెండు కొట్టాలూ ఒకేలాగ ఉంటాయి. మోటారులో పూత కాలిపోయిన రోజున మాత్రం తేడా తెలుస్తుంది. ఆ రోజు ఈ కొట్టంలో ‘టక్’ మని చిన్న శబ్దమై దీపాలు ఆరిపోతాయి. పెద్దావిడ చీకటిలో విసుక్కుంటుంది. అంతకుమించి ఏమీ జరగదు. ఏమీ జరగకుండా ఉండడానికే ఇన్ని ఏర్పాట్లు.

పాఠశాల నుంచి ఇంటికి వెళ్లిన పిల్లలు తమ పెరటివైపు ఒకసారి చూడాలి. దేనినీ ముట్టుకోకుండా, కళ్లతోనే చూడాలి. కొట్టానికి పోయిన తీగ చెట్టుకు ఆని ఉన్నదా? బట్టలతీగ దాని పక్కనే ఉన్నదా? సాకెట్టులో ప్లగ్గుకు బదులు వట్టి తీగకొసలు గుచ్చి ఉన్నాయా? మోటారుకు పచ్చతీగ ఉన్నదా? బోర్డులో ‘టి’ మీట ఉన్నదా? కనిపించిన దానిని ఇంటి పెద్దలకు చెప్పాలి. ఎన్నో ఏళ్లుగా అలాగే ఉన్నది, ఏమీ కాలేదు కదా అని వారు అనవచ్చు. పూత అరగడానికి ఎన్నో ఏళ్లు పడుతుందని, అరిగిన తర్వాత ఒక్క క్షణం చాలునని వారికి వినయంగా గుర్తుచేయాలి.